యాప్‌లు పోతే హ్యాపీనే.. మరి గేటు తాళం ఎవరి దగ్గర?

కరెంటు బిల్లుకు ఒక యాప్, బస్సు టికెట్‌కు ఇంకోటి, ఓటీపీ కోసం మళ్లీ మెసేజ్‌లు. పని ఒక్కటే.. తిరిగే గుమ్మాలు మాత్రం నాలుగు. ఈ తిప్పలు లేకుండా ఒకే స్క్రీన్‌లో పని నుంచి పనికి మారిపోయేలా చేస్తామని టెక్ కంపెనీలు పోటీ పడుతున్నాయి.

ఐడియా పాతదే. 1987లో జెఫ్ రాస్కిన్ డిజైన్ చేసిన కెనాన్ క్యాట్ కంప్యూటర్‌లో విడివిడి ప్రోగ్రామ్‌లే లేవు. రాతకోతలు, లెక్కలు అన్నీ ఒకే చోట. అది మార్కెట్లో నిలబడలేదు. యాప్‌లే అక్కర్లేదంటూ 2024లో 699 డాలర్లకు వచ్చిన హ్యూమేన్ ఏఐ పిన్ కూడా ఏడాది తిరక్కుండానే మూతపడింది. చైనాలో వీచాట్ మినీ ప్రోగ్రామ్‌లు మాత్రం 2017 నుంచి దూసుకెళ్తున్నాయి. తేడా ఏంటంటే.. వీచాట్ అప్పటికే జనం చేతిలో ఉంది.

ఏపీ సర్కారు పట్టుకున్న సూత్రం కూడా ఇదే. 2025 జనవరి 30న 161 సేవలతో 'మన మిత్ర' వాట్సాప్ గవర్నెన్స్ మొదలైంది. కొత్తగా డౌన్‌లోడ్ చేసుకోవాల్సింది ఏమీ లేదు. పెద్దవాళ్లకు ఇది నిజంగా పెద్ద రిలీఫ్.

అయితే చాట్‌లో ఒక చిక్కుంది. దరఖాస్తు సగంలో ఉండగా ఆధార్ నంబర్ వెతకడానికి వెళ్లాం అనుకోండి. తిరిగొచ్చాక ఎక్కడ ఆగామో గుర్తుండదు, పైకి స్క్రోల్ చేసుకోవాలి. యాప్ ఉన్నా లేకపోయినా, సగంలో వదిలిన పనిని అక్కడే అట్టిపెట్టడం ఇంటర్‌ఫేస్ బాధ్యత. మెనూలు పెంచుకుంటూ పోతే ఇది తీరదు.

అంతకంటే పెద్ద ప్రశ్న గేటు గురించి. చాట్‌జీపీటీ లాంటి ఏఐ చాట్‌బాట్‌లకు తమ బిజినెస్ వేదికలో చోటు లేదని 2025 అక్టోబర్‌లో వాట్సాప్ రూల్స్ మార్చింది. 2026 జనవరి 15 నుంచి అమలు అని చెప్పింది. సొంత మెటా ఏఐ మాత్రం లోపలే! ప్రభుత్వ సేవలు ఈ రూల్ కిందకు రావు, నిజమే. కానీ ఎవరు ఉండాలో ఎవరు పోవాలో తేల్చేది ఒక ప్రైవేట్ కంపెనీ అని దీంతో తేలిపోయింది. అందుకే వాట్సాప్‌లో సేవలు ఎన్నికి చేరాయన్న లెక్కతో పాటు, అవే సేవలు వెబ్‌సైట్‌లో, సచివాలయం కౌంటర్‌లో కూడా అంతే సులువుగా అందుతున్నాయా అన్నది చూడాలి.