నాయనమ్మ దండలో చార్మినార్

మీ ఇంట్లో పాత సందూగు ఉందా? ఉంటే ఈ వారం కాస్త తీరిక చేసుకొని తెరిచి చూడండి. పట్టుచీరల అడుగున, మెత్తని గుడ్డలో మూటకట్టి, ఏ నాయనమ్మదో అమ్మమ్మదో వెండి రూపాయల దండ ఒకటి కనబడవచ్చు. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఇది వింతేమీ కాదు. కలిగినవాళ్ళు బంగారు కాసుల పేరు చేయించుకుంటే, మిగతావాళ్ళు వెండి రూపాయలకే కొండీలు వేయించి మెళ్ళో వేసుకున్నారు. తండాల్లో లంబాడీ ఆడవాళ్ళ మెడలో, కేస్లాపూర్ నాగోబా జాతరకు వచ్చే గోండు ఆడవాళ్ళ మెడలో ఈ రూపాయల దండలు చూసే ఉంటారు. అది నగకు నగ, ఆపదకు ఆస్తి.

వెండి ధర పెరిగినప్పుడల్లా ఈ దండలు కరిగిపోతున్నాయి. అమ్మొద్దని నేను చెప్పను. పిల్ల ఫీజు, పెళ్ళి ఖర్చు, ఆసుపత్రి బిల్లు... ఎవరి అవసరం వారికే తెలుసు. కానీ అమ్మేముందు చేతిలో ఉన్నది ఏమిటో తెలుసుకోవాలి కదా! అది తెలిపే చోటు ఒకటి హైదరాబాద్‌లో ఉంది. అదే సైఫాబాద్ టంకశాల. ఈసారి పట్నం పోయినప్పుడు చార్మినార్, బిర్లా మందిరంతో పాటు పిల్లలకు దీన్నీ చూపించండి.

సచివాలయానికి దగ్గర్లో 'మింట్ కాంపౌండ్' అంటే కరెంటాఫీసు అనే చాలామందికి తెలుసు. ఆ పేరు ఈ టంకశాల వల్ల వచ్చిందే. 1903లో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, హైదరాబాద్ రాజ్యపు టంకశాలను ఇక్కడికి మార్చారు. అవి బంగారం కోసం కంపెనీలు భూమిని తవ్వుతున్న రోజులు. మైసూరు రాజ్యంలో కోలారు గనులు జోరుమీద ఉన్నాయి. నిజాం రాజ్యంలోనూ రాయచూరు జిల్లా హట్టిలో బంగారం తవ్వారు. సైఫాబాద్‌లో బంగారు అష్రఫీలూ కొట్టారు గానీ, మన ఊళ్ళదాకా వచ్చింది మాత్రం వెండి రూపాయే.

1950లో ఈ టంకశాల భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1997లో పని మొత్తం చర్లపల్లికి మారింది. పాత భవనాన్ని 2022 జూన్‌లో మ్యూజియంగా తెరిచారు. నాణేలు కొట్టిన యంత్రాలు, అచ్చులు, వెనకటి కాలం నుంచి నేటిదాకా వచ్చిన నాణేలు అక్కడ ఉన్నాయి.

నాణెం ఎట్లా తయారవుతుందని పిల్లలు అడిగితే వంటింటి లెక్కలో చెప్పండి. లోహాన్ని కరిగించి, చపాతీలా రేకుగా ఒత్తుతారు. పెద్ద రొట్టె మీద గ్లాసు బోర్లించి పూరీలు కోసినట్టు గుండ్రని బిళ్ళలు కోస్తారు. మిగిలిన ముక్కల్ని మనం మళ్ళీ పిండిలో కలుపుకున్నట్టే వాళ్ళు మళ్ళీ కరిగిస్తారు. బిళ్ళను మెత్తబడేలా కాల్చి, శుభ్రం చేసి, పైన ఒక అచ్చు, కింద ఒక అచ్చు పెట్టి ఒక్క దెబ్బ కొడతారు. రూపాయి అంచున గరిజెల అంచులా సన్నని గీతలుంటాయి చూడండి, అవి అందానికి మాత్రమే కాదు. ఎవరైనా అంచును అరగదీసి వెండి దొంగిలిస్తే ఇట్టే తెలిసిపోవడానికి!

ఇక మీ దండ సంగతికి వద్దాం. అందులో సాధారణంగా రెండు రకాల బిళ్ళలుంటాయి. రాణి బొమ్మో రాజు బొమ్మో ఉంటే అది ఇంగ్లీషువాళ్ళ రూపాయి. మన పెద్దలు దాన్ని 'కల్దార్' అనేవారు. చార్మినార్ బొమ్మ ఉంటే అది సైఫాబాద్‌లో పుట్టిన 'హాలీ' రూపాయి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు అనే లెక్క మీ ఇంటి పెద్దల నోట వినే ఉంటారు. ఆ లెక్క ఎక్కడిదంటారా? కల్దార్ బరువు 11.66 గ్రాములు, అందులో నూటికి దాదాపు 92 పాళ్ళు వెండి. హాలీ బరువు దాదాపు 11.18 గ్రాములు, వెండి నూటికి దాదాపు 82 పాళ్ళు. అంటే కల్దార్‌లో అసలు వెండి సుమారు 10.7 గ్రాములు, హాలీలో 9.1 గ్రాములు. ఇప్పుడు మీరే గుణించి చూడండి. ఏడు హాలీల వెండి, ఆరు కల్దార్ల వెండి సమానంగా 64 గ్రాములు వస్తుంది! బడికి పోని నాయనమ్మ వేళ్ళ మీద వేసిన లెక్క వెండి తూకంతో సరిపోయిందన్నమాట.

ఒక జాగ్రత్త. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రెండు రకాల రూపాయల్లోనూ వెండిని సగానికి తగ్గించారు. అందుకే సంవత్సరం చూసుకోవాలి. హాలీ మీద ఉండేది హిజ్రీ సంవత్సరం, అరబ్బీ అంకెల్లో. చుక్క ఉంటే సున్నా, మన సున్నాలా గుండ్రంగా ఉంటే అయిదు, నిలువు గీత ఒకటి, ఇంగ్లీషు 'వి'లా ఉంటే ఏడు, తలకిందులైన 'వి' అయితే ఎనిమిది. 1321 అని ఉంటే మన లెక్కలో 1903. 1343 అంటే 1924-25. చార్మినార్ నడిమి ద్వారంలో ఉన్న చిన్న అక్షరమూ చూడండి. 'మీమ్' ఉంటే మహబూబ్ అలీ ఖాన్ కాలానిది, 'ఐన్' ఉంటే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. ఉర్దూ వచ్చిన పక్కింటి పెద్దమ్మను అడిగితే క్షణంలో చదివి పెడుతుంది.

హాలీ చెలామణి 1959లో పూర్తిగా రద్దయింది. బజారులో విలువ పోయింది గానీ సందూగులో పోలేదు.

దండ ఉన్నవారికి నాలుగు మాటలు:

* చింతపండుతో, గిన్నెలు తోమే పొడితో రుద్దకండి. పైనున్న అక్షరాలు అరిగిపోతాయి. గోరువెచ్చని సబ్బునీళ్ళలో ముంచి తీసి, మెత్తని నూలుగుడ్డతో అద్దితే చాలు.

* అమ్మాల్సి వస్తే బిళ్ళలు లెక్కపెట్టి, ఏ రకానివి ఎన్నో రాసుకొని, ఇంట్లోనే తూకం వేసుకొని వెళ్ళండి. పది పాత హాలీలంటే 91 గ్రాముల అసలు వెండి అని మీకు తెలిస్తే, తరుగు పేరుతో మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేరు.

* 'పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు ఫీజు కట్టండి' అనే ఫోన్లు నమ్మవద్దు. ఇలాంటి మోసాల గురించి రిజర్వు బ్యాంకే 2021లో హెచ్చరించింది.

* దండ మొత్తం అమ్మేసినా ఒక్క బిళ్ళ ఉంచుకోండి. అది ఎవరిది, ఎవరు పెట్టారు, ఎప్పుడు వేసుకునేవారు అని ఒక కాగితం మీద రాసి దానితోనే పెట్టండి.

ఈ చివరి మాటే అన్నిటికన్నా ముఖ్యం. ఒకప్పటి కరీంనగర్ జిల్లాలో, ఇప్పుడు జగిత్యాల జిల్లాలో, గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. అక్కడ మట్టిలో దొరికిన నాణేల వల్లనే శాతవాహనులకంటే ముందు గోబద, నారన, సమగోప అనే పాలకులు ఉండేవారని లోకానికి తెలిసింది. ఆ బిళ్ళలు కరిగిపోయి ఉంటే ఆ పేర్లు మనకు తెలిసేవే కావు. రాజుల పేర్లకే నాణెం ఆధారమైతే, ఏ రాతలోనూ లేని మన నాయనమ్మలకు దండ తప్ప ఆధారమేది?

మ్యూజియానికి బయలుదేరేముందు ఏ రోజుల్లో, ఏ వేళల్లో తెరుస్తారో కనుక్కోండి. మీ దండలోని చార్మినార్ రూపాయి ఒకటి పిల్లల చేతికిచ్చి, సంవత్సరం చదివించి మరీ తీసుకెళ్ళండి. అద్దాల వెనక అలాంటిదే కనబడగానే 'మన నాయనమ్మది!' అని వాళ్ళే గుర్తుపడతారు.