98 వస్తే ఐఐటీ వచ్చినట్టేనా?

"అక్కా, పిల్లకి 98 వచ్చిందే! ఇక ఐఐటీ వచ్చినట్టేగా?"

2024 ఏప్రిల్‌లో జేఈఈ మెయిన్ ఫలితాలు వచ్చిన రోజు ఖమ్మం నుంచి మా పిన్ని కూతురు చేసిన ఫోన్ ఇది. గొంతులో సంతోషం పొంగిపోతోంది. "రాదే" అనడానికి నోరు రాలేదు, "వస్తుందిలే" అనడానికి మనసొప్పలేదు. ఆ పూటకి "చాలా మంచి మాట చెప్పావు" అని ఊరుకున్నాను. మర్నాడు కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని నేనే మళ్లీ ఫోన్ చేశాను. అప్పటినుంచి ఆ పిల్ల సీటు తేలేదాకా, అంటే దాదాపు మూడు నెలలు, నాకు ఇదే చదువైంది. ఏటా ఏప్రిల్, మే, జూన్ నెలల్లో ఎన్నో ఇళ్లలో ఇవే ప్రశ్నలు. నేర్చుకున్నది నలుగురికీ పనికొస్తుందని రాస్తున్నాను.

మొదట ఆ 98 సంగతి. అది మార్కు కాదు, శాతమూ కాదు. పర్సంటైల్. నూటికి తొంభై ఎనిమిది మంది మన పిల్లకి సమానంగానో వెనకో ఉన్నారని అర్థం. వినడానికి బాగానే ఉంటుంది కానీ, 2024లో జేఈఈ మెయిన్ రాసినవాళ్లు 14 లక్షల పైమాటే. అందులో మిగిలిన ఆ రెండు శాతం ఎంత? ఇరవై ఎనిమిది వేలు! అంతమంది ముందున్నారన్నమాట. 99 అయినా పద్నాలుగు వేల మంది ముందున్నట్టే. ఇంటర్ మార్కులకి అలవాటుపడ్డ కళ్లకి 98 ఆకాశంలా కనిపిస్తుంది. ఇక్కడే తల్లులు మోసపోతారు, కొందరు తండ్రులైతే మిఠాయిలు కూడా పంచేస్తారు.

రెండోది, ఈ మెయిన్ ర్యాంకుతో ఐఐటీలో సీటివ్వరు. మెయిన్‌లో ముందు నిలిచిన రెండున్నర లక్షల మందికి అడ్వాన్స్‌డ్ రాసే అర్హత వస్తుంది. ఐఐటీకి లెక్క ఆ పరీక్షలో వచ్చే ర్యాంకే. మెయిన్ ర్యాంకు పనికొచ్చేది ఎన్‌ఐటీలకీ, ట్రిపుల్ ఐటీలకీ. అంటే మా పిల్లకి 98 ఒక గుమ్మం దాటించింది, ఇంకో గుమ్మం ముందు నిలబెట్టింది.

ప్రకటనలో కనపడని అంకె

ఫలితాల మర్నాడు పేపరు తెరిస్తే పేజీల నిండా ఫొటోలే. ఒకటి, రెండు, ఐదు, తొమ్మిది అంటూ ర్యాంకులు. ఎంతమందికి ర్యాంకులొచ్చాయో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఎంతమంది ఫీజు కట్టి చేరారో చిన్న అక్షరాల్లో కూడా ఉండదు. వంద మందిలో పది మందికి వచ్చిందా, పదివేల మందిలో పది మందికి వచ్చిందా అన్నది తెలియకుండా మన పిల్ల అవకాశం ఎలా తెలుస్తుంది? ఇలాంటి తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. అదే ఏడాది జనవరిలో కేంద్ర విద్యాశాఖ, పదహారేళ్లలోపు పిల్లల్ని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని చెప్పింది. మంచిదే. కానీ మన దగ్గర కోచింగ్ వేరే వీధిలో ఉండదు కదా, ఇంటర్ కాలేజీ లోపలే ఉంటుంది. బడిలో ఆరో తరగతి నుంచే 'ఫౌండేషన్' పేరుతో మొదలవుతుంది. కాబట్టి ఆ మార్గదర్శకాలు మన గుమ్మం దాకా వస్తాయని నేను పెద్దగా ఆశ పెట్టుకోలేదు.

కాలేజీ వాళ్లు పెట్టే వారాంతపు పరీక్షల ర్యాంకుని కూడా నమ్మకండి. అది ఆ కాలేజీ లోపలి ర్యాంకు. పూర్తి సిలబస్‌తో, మూడు గంటలు కూర్చుని రాసిన చివరి ఐదారు పరీక్షల సగటు మార్కులు చూడండి. అన్నింట్లోకీ బాగా వచ్చిన దాన్నే పట్టుకుని ఊరేగొద్దు. అలాగని అన్నింట్లోకీ తక్కువ వచ్చిన రోజుని పట్టుకుని పిల్లని సాధించొద్దు.

అమ్మాయిల లెక్క వేరు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 2016లో ఐఐటీల్లో చేరినవాళ్లలో అమ్మాయిలు నూటికి ఎనిమిది మంది. దీన్ని మార్చాలని 2018 నుంచి అమ్మాయిలకు అదనపు సీట్లు పెట్టారు. మొదటి ఏడాది 14 శాతం, 2019లో 17, 2020లో 20 శాతానికి చేరేలా. 'అదనపు' అన్న మాట గుర్తుపెట్టుకోండి. అబ్బాయిల సీట్లు తీసి ఇచ్చినవి కావు, కొత్తగా కలిపినవి. అర్హత మార్కులు కూడా అందరికీ ఒక్కటే. "అమ్మాయివి కాబట్టి వచ్చింది" అని దెప్పిపొడిచేవాళ్లు ఈ రెండు ముక్కలూ తెలుసుకుంటే బాగుండు. మన రాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశాల్లో మూడో వంతు సీట్లు ఆడపిల్లలకి ఉండటం మనకి కొత్తేం కాదు. ఐఐటీలు ఆ దారిలోకి ఆలస్యంగా వచ్చాయంతే.

దీనివల్ల ముగింపు ర్యాంకులు రెండు రకాలుగా ఉంటాయి. ఒకటి అందరికీ కలిపినది, రెండోది అమ్మాయిలకి మాత్రమే. బొంబాయి ఐఐటీలో కంప్యూటర్ సైన్స్ చూడండి. జనరల్‌లో అందరికీ కలిపిన సీట్లు 2024లో 70వ ర్యాంకు లోపే అయిపోయాయి. అదే కోర్సులో అమ్మాయిల సీట్లు కొన్ని వందల ర్యాంకు దాకా వెళ్లాయి. ఏ పక్కింటి అబ్బాయి ర్యాంకుతోనో పోల్చుకుని "మనకి రాదులే" అనుకునే ఇళ్లు ఎన్నో. ఆ పోలికే తప్పు.

2024 అడ్వాన్స్‌డ్ అంకెలు ముందేసుకుని కూర్చున్నాను. అర్హత సాధించినవాళ్లు 48,248 మంది. వాళ్లలో అమ్మాయిలు 7,964. ఐఐటీల్లో మొత్తం సీట్లు దాదాపు 17,700, అందులో ఐదో వంతు అంటే మూడున్నర వేలు అమ్మాయిలవి. అంటే అర్హత సాధించిన అమ్మాయిల్లో నూటికి 44 మందికి సీటుంది. అబ్బాయిల్లో 35 మందికే. చివరి గుమ్మం దగ్గర మన పిల్లల పరిస్థితి మనం భయపడేంత అధ్వాన్నంగా లేదు.

మరి లోటు ఎక్కడ? అంతకుముందే. మెయిన్ రాసేవాళ్లలో అమ్మాయిలు ఇంచుమించు మూడో వంతు. 2024లో అడ్వాన్స్‌డ్ రాసిన 1,80,200 మందిలో వాళ్లు 41,020, నాలుగో వంతు కంటే తక్కువ. అర్హత సాధించినవాళ్ల దగ్గరికొచ్చేసరికి ఆరో వంతు. మెట్టు మెట్టుకీ తగ్గిపోతున్నారు. తెలివి తక్కువై కాదని మన ఇంటర్ ఫలితాలే చెబుతున్నాయి, ఏటా ఉత్తీర్ణతలో అమ్మాయిలదే పైచేయి. నాకు కనిపించే కారణం వేరు. అబ్బాయికి రాకపోతే "ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ వెయ్యి" అంటాం. అమ్మాయికి రాకపోతే "దగ్గర్లో ఏదో ఒకటి" అంటాం. అడ్వాన్స్‌డ్ వరసగా రెండేళ్లు రాయొచ్చు. ఆ రెండో ఏడాది ఎవరికి దొరుకుతోందో మన మన ఇళ్లలో లెక్క తీస్తే తెలుస్తుంది. ఇరవై శాతం అని మొదలుపెట్టింది కనీసంగా, కానీ ఏళ్లు గడిచినా దాదాపు అక్కడే ఆగిపోయింది. అందరికీ కలిపిన సీట్ల దాకా వెళ్లే అమ్మాయిలు ఇంకా చాలా తక్కువ.

ఇక సొంత లెక్క ఎలా వేసుకోవాలి? జోసా వాళ్లు గత సంవత్సరాల ముగింపు ర్యాంకులన్నీ అందరికీ కనపడేలా పెడతారు. అందులో ఐదు గడులు సరిచూసుకోవాలి. ఏ సంస్థ, ఏ బ్రాంచి, సొంత రాష్ట్రమా ఇతర రాష్ట్రమా, ఏ కేటగిరీ, అమ్మాయిల సీటా అందరిదా. ఒక్క గడి తప్పినా లెక్క తలకిందులే. రిజర్వేషన్ ఉన్నవాళ్లకి అక్కడ కనిపించేది కేటగిరీ ర్యాంకు, జనరల్ ర్యాంకు కాదు. దాన్ని పిల్ల జనరల్ ర్యాంకుతో పోల్చి ఏడ్చిన తల్లిని నేను చూశాను. ఇంకోటి, రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్రం ఓబీసీ జాబితాలో ఉన్నట్టు కాదు. ఈ సంగతి ముందే కనుక్కోండి. చివరి రౌండు ర్యాంకే చూడాలి, అదీ ఒక్క ఏడాదిది కాక మూడేళ్లది. ఆ మూడింటిలో బిగువుగా ఉన్న ఏడాదినే నేను కొలతగా పెట్టుకుంటాను.

సొంత రాష్ట్రం గడి దగ్గర మా చెల్లి ఇంట్లో పెద్ద గొడవే అయింది. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకి. ఖమ్మం వాళ్లకి వరంగల్ పక్కనే కదా అని వాళ్ల ధీమా. కానీ సొంత రాష్ట్రం అంటే పుట్టిన ఊరూ కాదు, ఇల్లున్న ఊరూ కాదు. ఇంటర్ ఎక్కడ పాసైతే అది. పిల్లని రెండేళ్లు విజయవాడ హాస్టల్లో పెట్టి చదివించారు. అంచేత వరంగల్‌లో ఆమె ఇతర రాష్ట్రపు పిల్ల, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో సొంత పిల్ల! కాలేజీలో చేర్పించేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. పదో తరగతి పిల్లలున్న తల్లులు ఇప్పుడే ఆలోచించుకోండి. ఐఐటీలకి ఈ బాధ లేదు, అక్కడ దేశమంతా ఒక్కటే.

జూన్‌లో అడ్వాన్స్‌డ్ ర్యాంకు వచ్చింది. 14,600 చిల్లర. జనరల్. అబ్బాయైతే ఆ ర్యాంకుకి ఐఐటీలో దాదాపు ఏమీ మిగలదు. అమ్మాయి కాబట్టి కొన్ని ఐఐటీల్లో కొన్ని బ్రాంచీలు అందేలా ఉన్నాయి. ఆప్షన్ల జాబితా రాయడానికి కూర్చున్నారు. ఇక్కడే అవకాశాలు చేజారేది. ఎన్ని ఆప్షన్లయినా ఇవ్వొచ్చు, పరిమితి లేదు. వస్తుందా రాదా అని కాదు, ఏది ఎక్కువ ఇష్టమో ఆ వరసలో పెట్టాలి. పైన అందనిది పెట్టినందువల్ల కింద అందేది పోదు. కానీ మా మరిది ఎర్ర పెన్నుతో కూర్చున్నాడు. "పాట్నానా? అంత దూరమా?" కొట్టేశాడు. "ధన్‌బాదా? మైనింగా? ఆడపిల్లకా?" అదీ కొట్టేశాడు. ఆయన కొట్టేసినవి పోగా మిగిలినవాటిలో ఒక్కటీ ఆ ర్యాంకుకి అందేది కాదు. ర్యాంకు తెచ్చుకున్న పిల్ల అవకాశం ఆ పెన్ను కింద సున్నా అయింది.

నేను గట్టిగానే మాట్లాడాను. ఆడవాళ్లు భూగర్భ గనుల్లో పనిచేయకూడదన్న నిషేధాన్ని కొన్ని షరతులతో 2019 జనవరిలో సడలించారని చెప్పాను. కొత్తగూడెం సింగరేణి బొగ్గు చూస్తూ పెరిగిన జిల్లా వాళ్లం, మైనింగ్ అంటే మనకే భయమా అన్నాను. ఏడాదికి ఐదు లక్షల లోపు ఆదాయమైతే ఐఐటీ ట్యూషన్ ఫీజులో మూడింట రెండు వంతులు తగ్గుతుందని కూడా చెప్పాను. ఆయన అటు తిరిగి కూర్చున్నాడు. పిల్ల మాత్రం ఆ కాగితం తీసుకుని, కొట్టేసినవన్నీ మళ్లీ తన చేత్తో రాసుకుంది.

సీటు ధన్‌బాద్‌లోనే వచ్చింది, మైనింగ్‌లోనే. ఆ రాత్రి మా మరిదే ఫోన్ చేశాడు. "వదినా, ధన్‌బాద్‌కి విజయవాడ నుంచి నేరుగా బండి ఉందట, అలెప్పీ నుంచి వచ్చేది. రిజర్వేషన్ ఎన్నాళ్ల ముందు చేయించాలి?"