గిల్లినా తెలియని మచ్చకి వేపనూనె వైద్యమా?

రాయ్‌పూర్ దగ్గర ఉర్లాలో స్పాంజ్ ఐరన్, స్టీల్ ఫ్యాక్టరీలు ఎక్కువ. మసి పడి ఒళ్ళు దురద పెట్టడం ఇక్కడ మామూలే. అందుకే మా వీధిలోని తెలుగు ఇళ్ళలో కొబ్బరి నూనెలో వేపాకు, పసుపు వేసి కాచి, వడకట్టి సీసాలో పోసుకుంటారు. దాని మీద నాకు అభ్యంతరం లేదు. పొడిబారిన చర్మానికి నూనె మంచిదే. 2014లో అచ్చయిన ఒక పరిశోధనలో ఎగ్జిమా ఉన్న 117 మంది పిల్లల్లో కొందరికి కొబ్బరి నూనె, కొందరికి మినరల్ ఆయిల్ 8 వారాలు రాసి చూశారు. కొబ్బరి నూనె రాసినవాళ్ళకే ఎక్కువ తగ్గింది. గమనించండి, అందులో వేపాకూ లేదు, పసుపూ లేదు!

నా అభ్యంతరం "ఈ నూనెకి తగ్గని చర్మరోగం లేదు" అనే మాట మీద. పక్కింటి ఆవిడ తన భర్త వీపు మీద పాలిపోయిన మచ్చకి ఇదే నూనె నెలల తరబడి రాసింది. అక్కడ గిల్లినా అతనికి తెలియడం లేదు. స్పర్శ లేని మచ్చ కుష్టు లక్షణం. దేశం మొత్తం మీద కుష్టు 2005 చివరికి 10,000 మందికి ఒక కేసు కంటే తగ్గింది కానీ ఛత్తీస్‌గఢ్‌లో ఆ తరువాత కూడా అంతకంటే ఎక్కువే ఉంది. ప్రభుత్వాసుపత్రిలో మందు ఉచితం. రోగం రకాన్ని బట్టి 6 నెలలో, 12 నెలలో వాడితే నయమవుతుంది. ఆలస్యం చేస్తే నరాలు దెబ్బతిని వేళ్ళు వంకరపోతాయి.

"పూర్వం నూనెలతోనే తగ్గించుకోలేదా?" అని అడుగుతారు. కుష్టుకి చాల్‌మోగ్రా గింజల నూనె నిజంగానే వాడారు. బ్రిటిష్ డాక్టర్లు దాన్ని ఇంజెక్షన్లుగా కూడా ఇచ్చారు. 1940లలో సల్ఫోన్ మందులు వచ్చి, అవి బాగా పని చేస్తున్నాయని తేలాక ఆ నూనెని వదిలేశారు. పరీక్షించి చూడడమంటే అదే.

మూలికలకి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవనేది ఇంకో అబద్ధం. బొల్లి మచ్చలకి రాసే బావంచాల్లో సొరాలెన్ ఉంటుంది. అది రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది.

ఆసుపత్రికి తీసుకెళ్ళమంటే ఆవిడ అన్నది, "ఆ రోగం పేరు బయటపడితే పనిలోంచి తీసేస్తారు అన్నయ్యా" అని. అంటే ఆవిడ నూనెని నమ్మి రాయలేదు, భయపడి రాసింది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఆ రోగి నుంచి ఇతరులకి అంటే ప్రమాదం పోతుందని వీధిలో ఎవరూ చెప్పలేదు. హేతువాదులమని చెప్పుకునే మనం వేపాకుని వెక్కిరించి ఊరుకుంటే సరిపోదు. ఆ మాట చెప్పడం కూడా మన పనే.