పిడి ట్వీటు, దీపజ్యోతి వీడియో

పెంపుడు జంతువుల పేరిట సామాజిక మాధ్యమాల్లో ఖాతాలు తెరవడం మధ్యతరగతి సరదా. దానితో నాకు పేచీ లేదు. అది రాజకీయాల్లోకి వచ్చినప్పుడే పేచీ.

2017 అక్టోబరు గుర్తుందా? రాహుల్ గాంధీ ట్విటర్ ఖాతాకు అకస్మాత్తుగా చురుకుదనం, చమత్కారం వచ్చిపడ్డాయి. ఆ ట్వీట్లు రాసిపెడుతున్నది ఎవరన్న ప్రశ్న లేచింది. నెలాఖరున ఆయన ఇచ్చిన జవాబు తన కుక్క పిడి వీడియో. రాస్తున్నది నేనేనని కుక్క చేతనే చెప్పించారు. సరసమైన ఎత్తే. అయితే హిమంత బిశ్వ శర్మ వెంటనే అందుకున్నారు: అస్సాం సమస్యలు చర్చిద్దామని మేము వస్తే మీరు ఆ కుక్కకు బిస్కట్లు తినిపిస్తూ కూర్చున్నారని. 2015లో కాంగ్రెసును వీడిన ఆయన, మరుసటి ఏడాదే అస్సాంలో బీజేపీ తొలి ప్రభుత్వం ఏర్పడడానికి బాటలు వేసిన నేత. ఒక ముద్దుల ట్వీటు పార్టీ పాత గాయాన్ని మళ్లీ కెలికింది.

బీజేపీ మాత్రం తక్కువ తిన్నదా? 2024 సెప్టెంబరులో ప్రధాని నివాసంలో పుట్టిన లేగదూడకు, నుదుట జ్యోతి ఆకారపు మచ్చ ఉందని దీపజ్యోతి అని పేరు పెట్టి, దాన్ని ముద్దాడుతున్న వీడియోను మోదీ తన ఖాతాలో ఉంచారు. 2019 మేలో విలేకరుల ముందు కూర్చుని కూడా ప్రశ్నలన్నీ అమిత్ షాకు వదిలేసిన ప్రధాని ఆయన. అస్సాం సంగతి పిడిని అడగలేము, నిరుద్యోగం సంగతి దీపజ్యోతిని అడగలేము. ఆ సౌకర్యమే నేతలకు కావలసింది. మన వార్తా చానెళ్లకూ (నా వృత్తి బంధువులను మినహాయించలేను) ప్రశ్న లేని దృశ్యం చౌకగా దొరికే సరుకు.

జంతువు గొంతును వేరేలా వాడుకున్న చోటూ ఉంది. 2011లో ఎలుకలు పట్టడానికి లండన్ డౌనింగ్ స్ట్రీటుకు వచ్చిన పిల్లి లారీ. కామెరాన్ మొదలు స్టార్మర్ వరకు ఆరుగురు ప్రధానులను చూసింది. దాని పేరిట నడిచే ప్రసిద్ధ ఖాతా మాత్రం ప్రభుత్వానిది కాదు. ఆ పిల్లి మాటల్లో ప్రధానుల మీద చురకలు పడుతుంటాయి. అక్కడ జంతువు ఏలికల ముద్దుబిడ్డ కాదు, గుమ్మంలో కూర్చున్న సాక్షి.

మన ప్రధాని ఇంటి దూడ పేరిట ఎవరైనా అటువంటి వ్యంగ్య ఖాతా తెరిస్తే? 2023లో కేంద్రం ఐటీ నిబంధనలను సవరించి, తన పాలనకు సంబంధించిన సమాచారంలో ఏది అబద్ధమో తేల్చే అధికారాన్ని తన నిజనిర్ధారణ విభాగానికే కట్టబెట్టుకుంది. హాస్యకారుడు కునాల్ కామ్రా తదితరులు కోర్టుకెక్కారు. బొంబాయి హైకోర్టు ఆ సవరణను కొట్టివేసినది 2024 సెప్టెంబరు 20న, దీపజ్యోతి వీడియో వచ్చి వారం తిరగకముందే.