సామెతలు ఊరికే పుట్టలేదు

"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి." వ్యవసాయ ధరల గురించి ఢిల్లీలో వేసిన కమిటీలన్నీ కలిసి వేల పేజీలు రాశాయి. మన తాతలు నాలుగు మాటల్లో తేల్చేసి పొలానికి వెళ్లిపోయారు. అమ్మడానికి పోతే మనిషి అలికిడి లేని అడవి, కొనడానికి పోతే చేయి పెట్టనివ్వని కొరివి. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమాటా వంద రూపాయలు దాటింది. పట్నంలో జనం కొరివి అన్నారు, టీవీలు గగ్గోలు పెట్టాయి. రెండు నెలలు తిరక్కముందే అదే టమాటాకు కోత కూలి కూడా రాక రైతులు రోడ్డు మీద పారబోశారు. అప్పుడు మాత్రం అడవిలో నిశ్శబ్దమే.

సామెతలను మనం ముసలివాళ్ల కబుర్లుగా, పెళ్లిపందిట్లో నవ్వుకోవడానికి పనికొచ్చే మాటలుగా చూడడం అలవాటు చేసుకున్నాం. కానీ ఒక్కొక్క సామెత వెనుక ఎవరో నష్టపోయి ఉంటారు. ఎవరి చేనో ఎండి ఉంటుంది, ఎవరి ఎద్దో అమ్ముడుపోయి ఉంటుంది. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్న మాటే తీసుకోండి. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, మఖ, పుబ్బ కూడా పోయాయి. సెప్టెంబరు నడిమికి వచ్చే ఉత్తర కార్తెలో కూడా వాన పడకపోతే ఇక ఈ ఊళ్లో తిండి లేదు, గంప నెత్తినెత్తుకుని బయల్దేరమని దాని భావం. పాలమూరు, అనంతపురం పల్లెల నుంచి వలసపోయిన తరాల చరిత్ర ఆ నాలుగు మాటల్లో ఉంది. ఇప్పటి కరువు ప్రకటనలు ఉత్తర కార్తెను చూసి రావు. గంప ఎత్తినవాడు ఎక్కడో ఇటుక బట్టీలో ఉండగా మండలాల జాబితా వస్తుంది.

అందుకే పుట్టింది ఇంకో మాట: "అయ్య వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా?" పంట నష్టం అంచనాకు అధికారి వచ్చేసరికి రైతు ఏం చేయాలి? పడిపోయిన వరిని అలాగే ఉంచితే రెండో పంట అదను పోతుంది. దున్నేస్తే నష్టం కనిపించదు. రాసుకునేవారికి కనిపించనిది నష్టమే కాదు. అది కూడా 33 శాతం దాటితేనే లెక్కలోకి వస్తుంది. 2015కు ముందు 50 శాతం దాటాలనేవారు, తగ్గించారు, సంతోషమే. అయితే కేంద్ర విపత్తు సహాయ నిబంధనల ప్రకారం చేతికొచ్చేది వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు. హెక్టారంటే మనకు బోధపడదు కాబట్టి ఎకరాలకు మారుద్దాం: 3,440 రూపాయల చిల్లర. ఎకరా దుక్కి, విత్తనం, ఒక దఫా ఎరువు ఖర్చు ఎంతో పాఠకులకు మేము చెప్పనక్కర్లేదు.

ఇక పంటల బీమా. "పదిమందితో చావు పెళ్లితో సమానం" అన్నవాడు ఎవడోగాని 2016లో వచ్చిన ఫసల్ బీమా యోజన నిబంధనలు ముందే చదివినట్టున్నాడు. ప్రధాన పంటలకు గ్రామం యూనిట్. ఊరి సగటు దిగుబడి పడిపోతేనే పరిహారం. ఊరంతా పండి మీ ఒక్క చేను పోతే, మీరు ప్రీమియం కట్టినా సరే, మీ చావు మీది. వడగళ్లు, ముంపు లాంటి కొన్నిటికి మాత్రం విడిగా లెక్క చూస్తారు, దానికి 72 గంటల్లోగా తెలియజేయాలి. ఆ 72 గంటలు మనం చేలో నీళ్లు తోడుతూ ఉంటాం. కరెంటు ఉండదు, ఫోనులో సిగ్నల్ ఉండదు. ఈ నిబంధన చాలామందికి తెలియదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం. వాన తెరిపి ఇవ్వగానే ముందు ఫొటో తీసి సమాచారం పంపండి, ఆ తర్వాతే తోడకం.

కమిటీల సంగతికి వద్దాం. వీధి భాగవతం సగం నడిచాక ఊరిపెద్ద ఆలస్యంగా వచ్చి కూర్చుంటే ఆయన కోసం ఆట మళ్లీ మొదటి నుంచి ఆడేవారట. "రెడ్డొచ్చె మొదలాడె" అన్న మాట అలా పుట్టిందంటారు. స్వామినాథన్ అధ్యక్షతన 2004లో జాతీయ రైతు కమిషన్ వేశారు. 2006 అక్టోబరు నాటికి ఐదు నివేదికలు ఇచ్చేసింది. ఆట అక్కడికి పూర్తి కావాలి. 2016లో ఆదాయం రెట్టింపు చేయడమెలాగో చెప్పమని ఇంకో కమిటీ వేశారు. 2022 నాటికి రెట్టింపు అవుతుందన్నారు. ఆ 2022 జులైలోనే మద్దతు ధర మీద మరో కమిటీ వేశారు. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా రైతుల సమస్యల మీద ఒకటి నియమించాల్సి వచ్చింది. ప్రతి పెద్దమనిషికీ మనం హార్మోనియం శ్రుతి చేసుకుని మళ్లీ మొదటి పద్యం నుంచి ఎత్తుకుంటున్నాం. విడ్డూరమేమంటే ఆట మనది, ఆకలి మనది, దీపాలకు నూనె కూడా మనదే.

ఆ కమిషన్ చెప్పింది ఒక్కటే: సమగ్ర వ్యయానికి, అంటే సీ2కు, సగం కలిపి ధర ఇవ్వండి. సీ2లో సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా ఉంటాయి. 2018 బడ్జెట్‌లో ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. తర్వాత చూస్తే లెక్క కట్టింది చేతి ఖర్చు, ఇంటివాళ్ల కష్టం వరకే. కౌలు, వడ్డీ గట్టు అవతలే ఉండిపోయాయి. 2025-26కు సాధారణ రకం వరికి మద్దతు ధర 2,369 రూపాయలు, దానికి చూపిన ఖర్చు క్వింటాలుకు 1,579. ఎకరాకు ముప్పై బస్తాల కౌలు కొలిచే రైతును అడగండి, ఈ 1,579లో ఆ బస్తాలు ఎక్కడ ఉన్నాయో వెతికి చూపిస్తాడేమో. మాటలు కోటలు దాటాయి, కాళ్లు గడప దాటలేదు.

ఢిల్లీ ప్రకటించిన ఆ ధర అయినా చేతికి వస్తుందా? "దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు." కల్లంలో ధాన్యం ఆరబోస్తే తేమ 17 శాతం దాటిందంటారు. రెండు రోజులు ఆరబెట్టి తెస్తే గోనె సంచులు లేవంటారు. సంచులు వస్తే లారీ లేదు. లారీ దొరికి మిల్లుకు చేరితే తాలు ఉంది, తరుగు తీయాలి అంటారు. కాంటా వేసినప్పటి బరువు మిల్లు దగ్గర ఎలా తగ్గుతుందో ఏ సైన్సు మాస్టారూ ఇంతవరకు చెప్పలేకపోయారు. ఈలోగా మబ్బు పట్టి వాన పడితే "రైతే రాజు" అని గోడ మీద రాసిన బోర్డు కిందే పరదా కప్పుకుని నిలబడతాం. ఏ రాజునైనా మూడు రాత్రులు వడ్ల కుప్ప మీద పడుకోబెట్టారా? పొగడ్త దగ్గర జాగ్రత్తగా ఉండమని సామెత ఎప్పుడో చెప్పింది: అతి వినయం ధూర్త లక్షణం.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ అడవి దానంతటదే మొలిచింది కాదు, నాటేవాళ్లు ఉన్నారు. 2023 జులైలో బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపారు. అదే ఏడు డిసెంబరులో ఉల్లి ఎగుమతి ఆపారు. 2025 ఆగస్టులో పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకం ఎత్తేశారు. మొదట సెప్టెంబరు ఆఖరు వరకే అన్నారు, తర్వాత డిసెంబరు ఆఖరుకు పొడిగించారు. మన పత్తి తీత సాగేది ఆ నెలల్లోనే కదా! వినియోగదారుడికి ధర తగ్గాలంటే మాకు అభ్యంతరం లేదు, మేమూ పప్పు, నూనె కొనుక్కునేవాళ్లమే. కానీ ధర పెరిగినప్పుడు రాత్రికి రాత్రి కదిలే ఫైలు ధర పడినప్పుడు ఎందుకు నిద్రపోతుంది? మరోవైపు ఏటా 6,000 రూపాయల కిసాన్ సమ్మాన్ ఇస్తున్నామంటారు. రోజుకు 16 రూపాయల 44 పైసలు. పురుగుమందు డబ్బా మీద 18 శాతం జీఎస్టీ తీసుకుంటారు. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. పైగా ఆ వాయనం కూడా పట్టాదారుకే. చేను దున్నే కౌలు రైతు గడప బయటే.

ప్రభుత్వాన్ని మాత్రమే అంటే సరిపోదు. సామెతలు మనల్నీ వదలలేదు. గొర్రెదాటు అన్నది ఎవరి గురించి? ఒక ఏడు మిరపకు ధర పలికితే మరుసటి ఏడు ఊరంతా మిరపే. 2025 ఫిబ్రవరిలో గుంటూరు మిర్చి ధర ఎంతగా పడిందంటే కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టి, తేడాలో కొంత భరిస్తామని చెప్పాల్సి వచ్చింది. మిరపకు మద్దతు ధర లేదని తెలుసు, కోతకు కూలీలు దొరకరని తెలుసు, అయినా పక్కవాడి చేను చూసి నాటాం. ఇందులో రైతుది మాత్రమే తప్పనలేం. ఏ పంట ఎంత విస్తీర్ణం పడిందో సకాలంలో చెప్పాల్సిన వ్యవస్థ నోరు మెదపలేదు. కానీ సంఘం ఉన్న ఊళ్లోనైనా విత్తే ముందు నలుగురం కూర్చుని లెక్క వేసుకోవచ్చు కదా.

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత." ఈ మాట అంటే కోపం వచ్చేవారు ఉంటారు, రానీయండి. 2019 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం రైతు కుటుంబం నెత్తిన ఉన్న సగటు అప్పు ఆంధ్రప్రదేశ్‌లో 2,45,554 రూపాయలు, దేశంలోకెల్లా ఎక్కువ. తెలంగాణలో 1,52,113. దేశ సగటు 74,121. ఆ అప్పులో ఎక్కువ భాగం సాగుదీ, వైద్యానిదీ, చదువులదీ అని మాకు తెలుసు. అయినా నాలుగెకరాల రైతు ట్రాక్టరు, పదిహేను వందల మందికి పెళ్లి భోజనం, ఫ్లెక్సీల మీద ఫొటో... వాటి వడ్డీ కూడా చేనే కట్టాలి. విత్తనం సంగతీ అంతే. రసీదు అడిగితే షాపువాడు ఏమనుకుంటాడోనని మొహమాటపడి, మొలక రాకపోతే కలెక్టరాఫీసు ముందు కూర్చుంటాం. 2012లో జాతీయ విత్తన సంస్థ మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: విత్తనం కొన్న రైతు వినియోగదారుడే, వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చు. ఆ తలుపు తెరిచే ఉంది. అక్కడికి వెళ్లాలంటే రసీదు, సంచి ఉండాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం గురించి వేరే చెప్పాలా?

అన్ని సామెతలూ మంచివని మేము అనడం లేదు. కులాల్ని కించపరిచేవి బోలెడు, వాటిని ఈ పత్రికలో వేయం. ఆడవాళ్ల మీద వెటకారాలు ఇంకా ఎక్కువ. అయితే "ఆడదై పుట్టేకంటే అడవిలో మానై పుట్టేది మేలు" అన్నది మాత్రం వెటకారం కాదు, నాట్లు వేసి, కలుపు తీసి, ఇంటికొచ్చి పొయ్యి రాజేసిన మనిషి నోట్లోంచి వచ్చిన మాట. మన సంఘం సభ్యత్వ పుస్తకంలో ఆ మనిషి పేరు ఎన్ని ఊళ్లలో ఉందో కార్యదర్శులు ఒకసారి చూసుకోవాలి.

వీటన్నిటికన్నా మేము ఎక్కువగా భయపడే సామెత ఒకటుంది: "ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి." ఎన్నికలప్పుడు, గ్రామసభ రోజున, సహకార సంఘం సమావేశానికి పిలిచినప్పుడు రచ్చబండ మీద వినిపించేది ఇదే. వినడానికి తెలివిగా ఉంటుంది. అన్నవాడు లోకం చూసినవాడిలా కనిపిస్తాడు. దాని ఫలితమల్లా మనం ఇంట్లో కూర్చోవడం, సంఘం అప్పులు ఎవరికివ్వాలో నలుగురు తీర్మానించుకోవడం. చెరువు మీద అలిగినవాడి సామెత అందరికీ తెలుసు. పెద్దలు దాన్ని ఇంకా మొరటుగా చెబుతారు, ఇక్కడ అచ్చువేయలేం. చెరువుకు పోయేదేమీ లేదు, కంపు మనకే.

2020లో మూడు సాగు చట్టాలు తెచ్చినప్పుడు కూడా ఇలాగే అన్నారు. పార్లమెంటు చేసిన చట్టం తిరిగిపోతుందా అన్నారు. దున్నపోతు మీద వాన అన్నారు. పంజాబ్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్ రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదికి పైగా, ఎండలో, చలిలో, వానలో కూర్చున్నారు. 2021 నవంబరులో ఆ చట్టాలు రద్దయ్యాయి. వాళ్లకు మనకన్నా ఎక్కువ సామెతలు తెలిసి కాదు, మద్దతు ధరకు కొనే యార్డు పోతే ఏమవుతుందో తెలుసు. మనలో చాలామందికి ఆ యార్డు రుచే తెలియదు, అందుకే మన ఊళ్లలో కదలిక తక్కువగా ఉంది. మద్దతు ధరకు చట్టబద్ధత కావాలన్న వాళ్ల కోరిక ఇంకా అలాగే ఉంది. అది వాళ్లదే కాదు, మనది కూడా. అడగందే అమ్మైనా పెట్టదు, అడగని వాళ్లకు ప్రభుత్వం పెడుతుందా?

వచ్చే సంచిక నుంచి పత్రికలో అర పేజీ సామెతలకు కేటాయిస్తున్నాం. మీ ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర విన్నవి రాసి పంపండి. కార్తెల గురించి, నీటి గురించి, అప్పుల గురించి, అధికారుల గురించి ఏవైనా సరే. ఎవరు చెప్పారో, ఏ సందర్భంలో వాడతారో రెండు ముక్కలు రాయండి. పాతవే కానక్కర్లేదు. తేమ కొలిచే యంత్రం మీద, వేలిముద్ర పడని మిషను మీద, ఆన్‌లైన్‌లో కనిపించని సర్వే నంబరు మీద ఇప్పటికే మన కుర్రవాళ్లు కొత్త మాటలు కడుతున్నారు. అవీ పంపండి. కాంటా దగ్గర విన్న మాటైతే ఆ రోజు యార్డులో పలికిన ధర, తీసిన తరుగు కూడా పక్కనే వేయండి, రెండూ కలిపి అచ్చువేస్తాం.