వ్రాతపనిలో వ్రాత ఎక్కడ?

ఈ మధ్య బంధువుల ఇంట ఒక వివాహానికి వెళ్ళినప్పుడు, వరుసకు మేనకోడలయ్యే అమ్మాయి కలంకారీ చీర కట్టుకొని వచ్చింది. కొంగు మీద శ్రీరామ పట్టాభిషేకం. చూడముచ్చటగా ఉన్నది. బొమ్మ క్రింద తెలుగు అక్షరాల వరుస ఒకటి కనబడితే, అలవాటు కొద్దీ చదవబోయాను. చదవడానికి అక్కడ ఏమీ లేదు. ఒక "క", దాని ప్రక్కన సగం "ళ", ఏ అక్షరానికీ చెందని ఒక కొమ్ము, మళ్ళీ అదే "క". ఎవరో పాత వస్త్రంలోని వ్రాతను ముక్కగా కత్తిరించి, అంచు పొడవునా అతికించుకొంటూ పోయారు. అక్షరమున్నది గాని మాట లేదు.

"బాగుంది కదా మామయ్యా, డిజైనరు చీర!" అన్నది ఆ అమ్మాయి. బాగుందనే అన్నాను. పెళ్ళింట తప్పులు దిద్దరాదు. కాని ఇంటికి వచ్చిన తరువాత కూడ ఆ తెగిన అక్షరాలు కళ్ళముందు నుండి కదలలేదు. ఈ టపా వాటి గూర్చే.

కలంకారీ అన్నది పారసీకం నుండి వచ్చిన పేరు. కలం అంటే లేఖిని, కారీ అంటే పని. శ్రీకాళహస్తిలో దీనిని వ్రాతపని అంటారు. పెడన, మచిలీపట్నం వైపు చెక్క అచ్చులతో చేసేది అద్దకం. మన పాత తెలుగులో "వ్రాయు" అనే క్రియకు బొమ్మ గీయడమనే అర్థం కూడ ఉన్నది. చిత్తరువు వ్రాసేవాడూ గ్రంథం వ్రాసేవాడూ ఒకే క్రియ నీడన నిలిచారు. శ్రీకాళహస్తి వస్త్రాల మీద ఆ రెండర్థాలూ కలిసికొన్నవి. నడుమ ఒక పెద్ద ఘట్టం, చుట్టూ వరుసలుగా చిన్న చిన్న గళ్ళలో కథ, ఆ గళ్ళ అంచున ఏ ఘట్టమో తెలిపే తెలుగు వ్రాత. గుడిలో వ్రేలాడదీసిన ఆ వస్త్రం చూసేవాడికి బొమ్మ, చదివేవాడికి పుస్తకం.

వేర్వేరు కళలవారు కలిసి పనిచేయడమనేది ఇప్పుడు క్రొత్తగా కనిపెట్టినట్లు చెప్పుకొంటున్నారు. వ్రాతపనిలో అది లేనిదెప్పుడు? నూలుబట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు గీతను చెదరనివ్వదు. ఇనుపముక్కలను బెల్లపు నీటిలో పులియబెట్టగా వచ్చిన కసిమి, కరక్కాయ వగరును తాకగానే నల్లనవుతుంది. చింతపుల్లను కాల్చిన బొగ్గుతో తొలి రేఖ, వెదురుపుల్లకు గుడ్డ చుట్టిన కలంతో మలి రేఖ. ఎరుపు రావలసిన చోట ముందుగా పటిక నీరు వ్రాయాలి. మధ్య మధ్య పారే నీటిలో ఉతకాలి. నేసేవాడు, రంగు తీసేవాడు, ఉతికేవాడు, గీసేవాడు, పెడనలోనైతే అచ్చు చెక్కేవాడు, వీరందరి వెనుక పురాణం చెప్పేవాడు. ఇందరు కలిస్తే ఒక వస్త్రం.

బయటివారి చేయి పడడం కూడ క్రొత్త కాదు. మచిలీపట్నం అద్దకాలలోని తీగలూ పూలూ పారసీకుల అభిరుచిని ఎరిగినవే. 17వ శతాబ్దంలో ఐరోపా కంపెనీలు తమకు కావలసిన నమూనాలను కోరమాండల్ తీరానికి పంపి, ఇక్కడివారి చేత చేయించుకొన్నవి. ఈ దేశపు అద్దకాలకు అక్కడ ఎంత గిరాకీ ఏర్పడిందంటే, స్వదేశపు నేతపనివారిని కాపాడుకొనడానికి ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో మరొకసారి నిషేధ చట్టాలు చేసికొన్నది. స్వాతంత్ర్యానంతరం శ్రీకాళహస్తిలో ఈ విద్య అడుగంటిపోతున్న వేళ కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో శిక్షణ కేంద్రం వెలిసింది. జొన్నలగడ్డ లక్ష్మయ్యగారి వంటివారి చేతిలో ఆ విద్య నిలిచింది. వారి కుమారులు గురప్పశెట్టిగారు బడిపంతులుగా పనిచేసి, కలంకారీకే అంకితమై, 2008లో పద్మశ్రీ అందుకొన్నారు. 1980లలో భారతోత్సవాల సందర్భంగా మార్తాండ్ సింగ్ నిర్వహించిన "విశ్వకర్మ" ప్రదర్శనలలో రూపకర్తలూ చేతిపనివారూ కలిసి కూర్చొని క్రొత్త వస్త్రాలు సృష్టించారు. కనుక డిజైనర్లు వచ్చి మన కళను పాడుచేశారని గుండెలు బాదుకొనే వారిలో నేను లేను. వారు రాకపోతే ఈ విద్యలో చాలా భాగం మ్యూజియం గోడకే పరిమితమయ్యేది.

మేలు జరిగిందని ఒప్పుకొనవలసిందే. గుడి గోడల నుండి వస్త్రం చీరల మీదికీ, దుపట్టాల మీదికీ, తలుపు తెరల మీదికీ వచ్చింది. మంగళగిరి నేత మీద కాళహస్తి వ్రాత చేరి రెండూళ్ళ పనికి గిరాకీ తెచ్చింది. ఒకనాడు ఎక్కువగా మగవారిదే అయిన కలం ఈనాడు ఎందరో ఆడవారి చేతిలో ఉన్నది. ఇది చిన్న మార్పు కాదు.

నా బాధ మరొకటి. ఈ క్రొత్త కలయికలో చేతిపనివాడిని పిలుస్తున్నారు గాని, అతని చేతిని మాత్రమే పిలుస్తున్నారు. అతనికి తెలిసిన కథను పిలవడం లేదు. పని కాగితం మీద ముందే తేలిపోతుంది. ఆ కాగితంలో అక్షరానికి చోటుంటే అలంకారంగా ఉంటుంది, లేకపోతే లేదు. పైగా ఆ పని నుండి తీసిన బొమ్మను యంత్రం మీద అచ్చొత్తి, దానినీ కలంకారీ అనే అమ్ముతున్నారు. కలమూ లేదు, కారీ లేదు, పేరొక్కటే మిగిలింది. శ్రీకాళహస్తికీ మచిలీపట్నానికీ భౌగోళిక గుర్తింపు లభించింది, సంతోషమే. కాని అది ఊరికి వచ్చిన గుర్తింపు. వ్రాసిన మనిషి పేరు చీర మీద ఎక్కడా ఉండదు. ఉంటే అమ్మేవారి పేరుంటుంది.

ఆ పెళ్ళి తరువాత కొన్నాళ్ళకు ఒక చేనేత ప్రదర్శనలో శ్రీకాళహస్తి నుండి వచ్చిన ఒక పెద్దాయనతో మాట్లాడాను. ఎదుట పరచిన దుపట్టా మీద వనవాసపు ఘట్టాలున్నవి, వ్రాత లేదు.

"క్రింద అక్షరాలు ఎందుకు వ్రాయలేదండీ?" అని అడిగాను.

"కాయితంలో లేవు సామీ. ఉంటే రాస్తా," అన్నాడు.

"కథ తెలుసునా?" అన్నాను. అడుగరాని ప్రశ్న అడిగానని వెంటనే తెలిసింది. ఆయన నా వైపు ఒకసారి చూసి, వేలు పెట్టి ఒక్కొక్క గడినీ చూపుతూ గుహుడి పడవ నుండి జటాయువు వరకు ఆగకుండా చెప్పుకొచ్చాడు. ఏ గడి క్రింద ఏ మాట పడాలో, ఎక్కడ చోటు చాలకపోతే ఏ మాట తీసివేయాలో కూడ చెప్పాడు. చివర "అడిగేవాళ్ళు లేరు సామీ" అన్నాడు. ముప్పది ఏండ్లకు పైగా పాఠం చెప్పిన నేను ఆ దుకాణం ముందు విద్యార్థినై నిలబడ్డాను.

ఈ సంగతి చెబితే ఒక మిత్రుడు ఆక్షేపించాడు. "చీర కట్టుకొనడానికి గాని పారాయణానికి కాదయ్యా. దేవుడి బొమ్మా, దేవుడి పేరూ ఉన్న కొంగు మీద కూర్చోవడం ఏం మర్యాద? అక్షరాలు తీసివేయడమే మంచిది" అన్నాడు. మాటలో న్యాయమున్నది. ప్రతి చీర మీదా రామాయణం వ్రాయమని నేననడం లేదు. తీగలూ నెమళ్ళూ చాలు. కాని అక్షరం పెట్టదలచుకొంటే అది మాట కావాలి, కథ చెప్పదలచుకొంటే అది పూర్తి కావాలి. తెగిన అక్షరాన్ని అలంకారం చేయడం ఆ రెంటికీ చెందదు. తెలుగు తెలియనివారు చేస్తే అది అజ్ఞానం. తెలిసిన మనం చూసి ఊరకుంటే దానికేమి పేరు?

తప్పులో మా వంతు కూడ ఉన్నది. ప్రబంధాలలోని చిత్రలేఖన వర్ణనలకు ప్రతిపదార్థాలు చెప్పించాం గాని, ఒక్క వస్త్రాన్ని తరగతి గదిలో పరచి చూపించలేదు. రూపకర్తా చేతిపనివాడూ కూర్చొన్న చోట మూడవ పీట ఖాళీగా ఉన్నదంటే, దాని మీద కూర్చోవలసిన భాషవాడు లేచి వెళ్ళిపోయాడన్న మాట. అతడిని ఎవరూ గెంటలేదు.

కనుక నా కోరికలు రెండే. డిజైనరు తన కాగితం గీయకముందే చేతిపనివాడిని కథ అడగాలి, అవసరమైతే భాష తెలిసినవారిని ప్రక్కన పెట్టుకొనాలి. పురాణమే కానక్కరలేదు, పిల్లల కథ కావచ్చు, ఊరి కథ కావచ్చు. రెండవది, పని పూర్తయిన తరువాత వస్త్రం మూలన వ్రాసినవారి పేరు, వారి చేతితోనే, తెలుగులో ఉండాలి. దానికి పట్టే చోటు రెండంగుళాలు మించదు.

ఆ పెద్దాయన వద్ద ఒక చిన్న వస్త్రం చెప్పి వచ్చాను. కథ ఆయన ఇష్టం, వ్రాత ఆయన ఇష్టం. పేరు వ్రాయడం మాత్రం మరువవద్దని రెండుసార్లు చెప్పాను. వచ్చిన తరువాత అక్షరదోషాలు వెదకబోనని నాకు నేనే మాట ఇచ్చుకొన్నాను. నిలుపుకొనగలనో లేదో మీకు తెలుపుతాను.