మరోసారి చూద్దాం

ఊరి నుంచి చుట్టాలు దిగితే హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు చూపించాల్సినవన్నీ నోటికే వచ్చేస్తాయి. చార్మినార్, గోల్కొండ, జూపార్కు, సాయంత్రం హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడు. మధ్యలో ఒక పూట సాలార్‌జంగ్ మ్యూజియం. టికెట్లు తీసుకుని, పిల్లల్ని వెంటేసుకుని, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడిచి నడిచి, కాళ్లు పీకుతుంటే బయటికొచ్చి ఓ మూల కూలబడి, మంచినీళ్లు తాగి 'అమ్మయ్య, చూసేశాం' అంటారు చుట్టాలు. తీసుకొచ్చిన ఇంటాయన లోపలికే రాడు. 'నేను చిన్నప్పుడే చూసేశాలెండి, మీరు కానివ్వండి' అని చెట్టు నీడన ఆగిపోతాడు.

తెలుగులో చూడడం వేరు, చూసేయడం వేరు. కట్టేశాం, తినేశాం, రాసేశాం అన్నట్టే చూసేశాం అన్నప్పుడు ఒక పని తెమిలిపోయిందన్న నిశ్చింత వినిపిస్తుంది. కరెంటు బిల్లు కట్టేస్తే ఆ నెలకు ఇక దాని ఊసెత్తనక్కర్లేదు. బొమ్మలు అలా తెమిలిపోయేవి కావు. తిరుపతి ఒకసారి వెళ్లొచ్చాం కదా అని మళ్లీ వెళ్లకుండా ఉంటామా? ఇష్టమైన పాట విన్నాం కదా అని వినడం మానేస్తామా? మ్యూజియం దగ్గరికొచ్చేసరికి మాత్రం జన్మకో శివరాత్రి అన్నట్టు ఒక్క రాకతో సరిపెట్టుకుంటాం.

చిన్న లెక్క వేద్దాం. సాలార్‌జంగ్‌లో 46 వేలకు పైగా కళావస్తువులున్నాయి. ప్రదర్శనకు పెట్టినవి వాటిలో కొంత భాగమే. అన్నీ బయటపెట్టారనుకుని ఒక్కోదాని ముందు ఒక్కో నిమిషం ఆగినా 766 గంటలు దాటుతుంది. రోజుకు ఏడు గంటల చొప్పున 109 రోజులు. బడిపిల్లల్ని బస్సులో తెచ్చి, ఒకరి భుజం మీద ఒకరి చెయ్యి వేయించి, రెండు గంటల్లో అవతలి గేటు దాటిస్తాం. ఇంటికెళ్లాక ఏం చూశావురా అంటే వాళ్లు చెప్పేది ఒక్కటే, గడియారం.

ఆ గడియారం ముచ్చటైనదే. గంట గంటకూ గడ్డం బొమ్మ ఒకటి తలుపు తీసుకుని బయటికొచ్చి గంట కొట్టి వెళ్తుంది. పక్కన కమ్మరి బొమ్మ క్షణం క్షణం సుత్తి వేస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండవుతుంటే ఆవరణ నిండిపోతుంది. పన్నెండు దెబ్బలూ పైకి లెక్కపెడతారు, చప్పట్లు కొడతారు, సంబరంగా కదులుతారు. ఆ పది నిమిషాల్లో లోపలి గదులు ఖాళీగా ఉంటాయి. నిదానంగా చూడాలనుకునేవాళ్లకు అంతకు మించిన సమయం లేదు.

ఆ వేళప్పుడు ముసుగు రెబెక్కా దగ్గరికి వెళ్లాలి. ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ అది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. తెలుగు బైబిల్లో ఆమె పేరు రిబ్కా. పెళ్లికూతురై ఒంటె మీద ప్రయాణించి వస్తూ, పొలంలో ఎదురొస్తున్న ఇస్సాకును చూసి, ఆయనే తనను చేసుకోబోయేవాడని తెలిసి ఒంటె దిగి ముసుగు వేసుకుంటుంది. మన పెళ్లిలో అడ్డుతెర దించడానికి ముందుండే క్షణం లాంటిదే ఇదీ. తెరకు ఇవతల ఉన్నవాళ్లకు ఎంత ఆత్రమో, అవతల తల వంచుకున్న పిల్లకు అంత బిడియం.

మొదటిసారి చూసినవాళ్లు 'ఇది రాయేనా!' అని ముక్కున వేలేసుకుంటారు. సహజమే. పల్చటి గుడ్డ కింద కనురెప్పలు, ముక్కు, పెదవులు కనిపిస్తుంటాయి మరి. రెండోసారి వెళ్తే ఆ విస్మయం కాస్త సర్దుకుని, ఆమె తల ఎంత వాల్చిందో, ముసుగును పట్టుకున్న వేళ్లెంత తేలిగ్గా ఉన్నాయో చూస్తాం. ఇంకా తరువాత ఎప్పుడో ఆ పనితనం అంతుపడుతుంది. ముఖం, ముసుగు రెండూ ఒకే రాయి. గుడ్డ మడతలు పడినచోట రాయి ఒత్తుగా, చెంపకు అంటుకున్నచోట నునుపుగా ఉంటుంది. ఆ తేడాను పట్టుకుని మన కన్నే లోపల ఒక ముఖాన్ని, పైన ఒక ముసుగును వేరు చేసుకుంటోంది. సగం బొమ్మ బెంజోనీ చెక్కాడు, మిగతా సగం ఎదురుగా నిలబడ్డవాడు పూర్తి చేస్తున్నాడు. హడావిడిగా దాటిపోయినవాడికి ఆ సగం దక్కదు.

ఇన్ని వస్తువులు మూడు తరాల ఇష్టంతో పోగయ్యాయి. ఎక్కువ భాగం మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరించినవి. ఏడో నిజాం దగ్గర 1912లో దివాన్ అయి, రెండేళ్లకే కొలువు వదిలేశాడు. పెళ్లి చేసుకోలేదు. 1949లో కన్నుమూసేదాకా వస్తువులు సేకరిస్తూనే ఉన్నాడు. 1951 డిసెంబరు 16న ఆయన నివాసం దివాన్ దేవిడీలోనే మ్యూజియాన్ని నెహ్రూ ప్రారంభించారు. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి 1968లో మారింది. సాలార్‌జంగ్ ఈ వస్తువులను ఒక్కొక్కటిగా ఇష్టపడి తెచ్చుకున్నాడు. మనం వాటిని మొత్తంగా ఒక్క పూటలో చూడబోతాం. అందుకే అలసిపోతాం.

అలాగని ఇటలీ పాలరాయి దగ్గరే ఆగిపోనక్కర్లేదు. అదే ప్రాంగణంలో బిద్రీ సామాను ఉంది. హుక్కా కుండలు, పళ్లేలు, తాంబూలం పెట్టెలు. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పోతపోస్తారు. పైన తీగలు, పువ్వులు చెక్కి, ఆ గాడిలో వెండిని కూర్చి సుత్తితో ఒత్తుతారు. ఆఖరున బీదర్ కోట మట్టిని నవాసాగరంతో కలిపి రుద్దితే లోహమంతా కాటుకలా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. బీదర్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. ఆ నలుపు మీద ఆ తెలుపును ఒకసారి శ్రద్ధగా చూసినవాళ్లు దుకాణంలో బిద్రీ డబ్బాను మళ్లీ మామూలు కంటితో చూడలేరు.

పబ్లిక్ గార్డెన్స్‌ను పాత నగరవాసులు బాగేఆం అంటారు. అక్కడి స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ చుట్టూ ఎప్పుడూ మూగి ఉంటారు. అజంతా ప్రతుల దగ్గర అంత సందడి ఉండదు. అవి ప్రతులే కదా అనిపించడమే కారణం కావచ్చు. కానీ అజంతా బొమ్మలకు ప్రతులు తీయడం వెనుక కళ్లు చెమర్చే చరిత్ర ఉంది. మద్రాసు సైన్యంలో పనిచేసిన రాబర్ట్ గిల్ ఏళ్ల తరబడి ఆ గుహల్లో కూర్చుని వేసిన ప్రతులు చాలావరకు 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో కాలిపోయాయి. తరువాత బొంబాయి జె.జె. స్కూలు నుంచి జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులతో వచ్చి మళ్లీ మొదలుపెట్టాడు. వాటిలోనూ చాలా భాగాన్ని 1885లో లండన్‌లోనే మంటలు మింగేశాయి. ముచ్చటగా మూడోసారి 1909-11 మధ్య లేడీ హెరింగ్‌హామ్ బృందం వచ్చింది. అందులో నందలాల్ బోస్ ఉన్నాడు, హైదరాబాద్ నుంచి వెళ్లిన యువ చిత్రకారుడు సయ్యద్ అహ్మద్ కూడా ఉన్నాడు. ఆ అజంతా అప్పుడు నిజాం ఏలుబడిలోదే. బృందం వెళ్లిపోయాక కూడా అహ్మద్ ఆ గుహలను విడిచిపెట్టలేదు. నిజాం పురావస్తు శాఖ కోసం ప్రతులు వేస్తూనే వచ్చాడు. రెండుసార్లు బుగ్గి అయిన పనిని మూడోసారి చేతికెత్తుకుని, వచ్చేవాళ్ల కోసం అట్టేపెట్టిన మనిషి ఆయన. ఆ చేతిగీత మన ఊళ్లో, సిటీ బస్సు ఎక్కితే చేరేంత దూరంలో ఉంది.

గ్రిఫిత్స్ నడిపిన ఆ జె.జె. స్కూలులోనే కొన్నేళ్ల తరువాత మన రాజమహేంద్రి కుర్రాడొకడు చేరాడు, దామెర్ల రామారావు. ఊళ్లో ఉండగానే ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర అతని చేతిలో విద్య ఉందని కనిపెట్టి వెన్నుతట్టాడు. రామారావు బొంబాయిలో చదువుకుని తిరిగొచ్చి గోదావరి ఒడ్డున చిత్రకళాశాల పెట్టాడు. 1925లో మసూచి సోకి, 28 ఏళ్లయినా నిండకుండానే వెళ్లిపోయాడు. స్నేహితుడు వరదా వెంకటరత్నం ఆ బడిని, ఆ బొమ్మలను కంటికి రెప్పలా కాచుకొచ్చాడు. పుష్పాలంకరణ, సిద్ధార్థ రాగోదయం లాంటి చిత్రాలు దామెర్ల పేరు మీది గ్యాలరీలో నేటికీ ఉన్నాయి. పుష్కరాలకు కోట్ల మంది వచ్చి మునిగిన ఊరది. రేవు నుంచి గ్యాలరీ దాకా వెళ్లినవాళ్లు ఎంతమంది? గోదావరిని అంత ప్రేమగా గీసినవాడి దగ్గరికి గోదావరి స్నానం చేసి వెళ్లడం కూడా యాత్రలో భాగం కావాలి.

చూసిన బొమ్మనే మళ్లీ మళ్లీ చూడడం మనకు కొత్తేమీ కాదు. పద్మశాలీల ఊళ్లకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం పటం పట్టుకొచ్చేవారు. చేర్యాల నకాషీలు ఎర్రటి నేల మీద వేసిన పొడవాటి పటం. రాత్రి దీపాల వెలుగులో గడి తరువాత గడి విప్పుతూ, కర్రతో చూపుతూ కథ చెప్పేవారు. కూర్చున్నవాళ్లకు ఆ కథ తెలుసు, ఆ బొమ్మలూ తెలుసు. వెనకటేడు చూసినవే, వాళ్ల తాతలు చూసినవే. అయినా కుంపటి ఆర్పుకుని, దుప్పటి కప్పుకుని, పసిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని తెల్లవార్లూ చూసేవారు. బొమ్మ ముందు తీరిగ్గా కూర్చోవడం ఎలాగో తెలిసిన జనం మనం. ఆ పటాల్లో పాతవి కొన్ని హైదరాబాద్‌లోనే జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

కొత్త చిత్రకారుల గ్యాలరీలంటే ఇంకో జంకు ఉంది. అద్దాల తలుపు, చల్లగాలి, నిశ్శబ్దం. కొనేవాళ్లు మాత్రమే వెళ్లాలేమో, ఏమైనా అడుగుతారేమో అని మెట్ల దగ్గరే వెనుదిరుగుతాం. చాలా గ్యాలరీల్లో టికెట్ ఉండదు, కొనమని ఎవరూ అడగరు. మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీకి, బంజారాహిల్స్‌లోని ప్రైవేటు గ్యాలరీలకు నిస్సంకోచంగా వెళ్లొచ్చు. అర్థం కాదన్న భయమూ అక్కర్లేదు. తోట వైకుంఠం వేసిన స్త్రీల ముందు నిలబడి చూడండి. నల్లటి మేను, రూపాయంత బొట్టు, సగం వాలిన రెప్పలు, మిరపపండు రంగు చీర. కరీంనగర్ పల్లెలో పుట్టి, ఊళ్లోకొచ్చే నాటక సమాజాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్లను చూస్తూ పెరిగినవాడి చేతి నుంచి వచ్చిన మనుషులు వాళ్లు. 'అచ్చం మా అమ్మమ్మే' అనిపిస్తే అది చాలు, అంతకు మించిన విమర్శ మొదటి రోజే అక్కర్లేదు. సిద్దిపేట కాపు రాజయ్య బోనాలు, నిజాంపూర్ లక్ష్మాగౌడ్ మేకలు అలాగే పలకరిస్తాయి.

పిల్లల విషయంలో ఒక్క మాట. బొమ్మ ముందు పిల్ల ఆగిపోతే చెయ్యి పట్టి లాగకండి. 'ఈవిడెందుకు ఏడుస్తోంది?' అని అడిగితే జవాబు తెలియకపోయినా పర్వాలేదు, 'నీకేమనిపిస్తోంది?' అనండి. కింద రాసిన చీటీ చదవడం తరువాత. ముందు చూడనివ్వండి. వాళ్లు చూపించేదాకా మనకు కనిపించని కుక్కపిల్ల, కిటికీలోంచి తొంగి చూసే ముసలమ్మ ప్రతి పెద్ద చిత్రంలోనూ ఓ మూల ఉంటారు. సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకుంటే తీసుకోండి. తీశాక ఫోను జేబులో పెట్టి మరో రెండు నిమిషాలు అక్కడే ఉండండి.

ఈసారి వెళ్లేటప్పుడు అన్నీ చూడాలన్న పంతం ఇంట్లో వదిలేసి వెళ్దాం. ఒక్క గది చాలు. అందులో ఒక్క బొమ్మను మనదనుకుని ఎంచుకుందాం. మళ్లీ నాలుగు నెలలకు దాన్ని పలకరించి వద్దాం. చుట్టాలొచ్చేదాకా ఆగనక్కర్లేదు. సాలార్‌జంగ్‌కు, బాగేఆంలోని స్టేట్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. మిగతా రోజుల్లో సాధారణంగా తలుపులు తెరిచే ఉంటాయి.